ఎడమ పక్క గళ్ళు

ఆ రోజు పొద్దున ఏడింటికి మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పేపర్లో ఆ రోజు వేసిన గళ్ళ నుడికట్టు. ఒక్క గడి కూడా నింపలేదు. కింద మార్కుల్లేవు, మాట లేదు. నంబరు నడికుడి పెద్దాయనది.

రెండు నెలలుగా ఆ నంబరు నుంచి ఏమీ రావడం లేదు. అందుకని గ్రూపులో ఒక్కసారిగా సందడి లేచింది. "బాబాయ్ మంచం దిగాడు" అన్నారొకరు. "ఒక్క గడన్నా నింపబుద్ధి కాలేదా బాబాయ్, సున్నానా ఇవాళ?" అని మాచర్ల లెక్చరర్ ఒకాయన నవ్వు బొమ్మలు పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఎందుకంటే ఆ నుడికట్టు కట్టింది నేను. ఆ సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదు.

పావుగంట తర్వాత అదే నంబరు నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. "మామయ్య తెల్లారుజామున పోయాడు. రోజూ ఈ టయానికి ఫొటో పెడతాడు గదా అని పెట్టాను." పెట్టింది ఆయన మేనకోడలు. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళంతా గబగబా చెరిపేసుకున్నారు.

నేను నరసరావుపేటలో తెలుగు టీచర్ని. ఏళ్ళ తరబడి ఒక దినపత్రిక జిల్లా పేజీకి నుడికట్టు కడుతున్నాను. పేరు వెయ్యరు. మా ఆయనకీ, పేపర్లో ఒక సబ్ఎడిటర్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. గళ్ళు నింపేవాళ్ళంతా ఒక గ్రూపు పెట్టుకున్నారని తెలిసి, నేనూ ఒక పాఠకురాలిలా అందులో చేరి నోరు మూసుకుని కూర్చున్నాను. వండినావిడ తలుపు చాటున నిలబడి బంతిలో వాళ్ళు ఏమనుకుంటున్నారో వినడం లాంటిదే ఇది. మంచిమాట వినాలనే నిలబడతాం, వినిపించేది మాత్రం ఉప్పు తక్కువైందని.

పెద్దాయన రైల్వేలో గేట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇల్లు పట్టాల పక్కనే. ఆయన్ని చూడటానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ ఇంటి చప్పుళ్ళు నాకు తెలుసు. రోజూ ఏడింటికి నింపిన గళ్ళ ఫొటో, దాని వెనకాలే ఒక వాయిస్ మెసేజ్. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడతాడు, అందుకని మాటలు కాస్త నమిలినట్టు వస్తాయి. మధ్యలో బండి వస్తే టక్కున ఆపేస్తాడు. ఫోను మాత్రం ఆపడు. గూడ్సు బండయితే నిమిషం పైన పెట్టెలు దాటే చప్పుడే వినాలి. చివరి పెట్టె పోయాక కూడా కాసేపు మాట్లాడడు. ఆ తర్వాత ఎక్కడ ఆపాడో అక్కడే, అదే వాక్యం మధ్యలోంచి అందుకుంటాడు. మిగతావాళ్ళు ఆ ముక్క దాటేసి వినేవాళ్ళు. నేను మొత్తం వినేదాన్ని. బండి చప్పుడు వెనకాల ఆయన ఊపిరి వినపడేది. ఆ మనిషి బండి పోయేదాకా దేనికోసమో చూస్తున్నాడని అనిపించేది.

ఆ రోజు నుడికట్టు ఎట్లా ఉందో మార్కులు కూడా వేసేవాడు, పదికి. ఆరు దాటి నాకెప్పుడూ వెయ్యలేదు.

"రైలు ఆగే చోటు, మూడక్షరాలంట. జవాబు స్టేషనంట. ఏందమ్మా ఇది? సిగ్నలు పడకపోతే బండి మా గేటు కాడ గూడా ఆగిద్ది, చేల మధ్యన గూడా ఆగిద్ది. ఆధారమంటే ఒక్కదానికే తగలాల. నాలుగు."

ఇంకో రోజు 'పల్నాటి పంట' అని ఆధారమిచ్చి మిరప అని జవాబు పెట్టాను. "మిరపొక్కటే పండిద్దా? పత్తి పండట్లా? కంది పండట్లా?" అని మొదలుపెట్టాడు. "మూడు గళ్ళలో పత్తి ఎట్టా పడిద్ది బాబాయ్?" అని లెక్చరర్ అడిగాడు. "గళ్ళు లెక్కబెట్టుకుని చెప్పేదానికి ఆధారమెందుకయ్యా, అంకె ఒకటిస్తే సరిపాయె గదా" అన్నాడు. నాలుగు కూడా కాదు, ఆ రోజు మూడే.

ఇవి వంట చేస్తూ విని గరిటె విసిరికొట్టిన రోజులున్నాయి. "ఆ ముసలాయన్ని ఒక్కటి కట్టి చూపించమను, చూద్దాం" అని మా ఆయన మీద అరిచేదాన్ని. మా ఆయనది విత్తనాల కొట్టు. "నా మీద ఎగురుతావేంది, నేనొక్క మార్కు గూడా తగ్గించలేదే" అనేవాడు.

మాకు ఇంకో అలవాటుంది. గళ్ళలో మాట కుదరకపోతే దాన్ని తిరగేసి, కుడి నుంచి ఎడమకి నింపమంటాం. ఆధారం చివర 'అటునుంచి' అని ఒక ముక్క తగిలిస్తాం. కట్టేవాళ్ళందరం చేసే పనే. ఆయనకి అది బొత్తిగా గిట్టదు. రోజుకి ఒకటి దాటితే ఒక మార్కు కోసేవాడు.

ఆయన చూసే పద్ధతే వేరు. అంతా నింపాక పేపరు తలకిందులుగా తిప్పి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, నల్లగళ్ళు మాత్రమే చూస్తాడట. "తెల్లగళ్ళలో ఏముందో కట్టినోళ్ళు చెప్తారు. చెప్పాలనుకోంది నల్లగళ్ళలో ఉంటది" అనేవాడు. అలా చూసి ఒకరోజు, "ఈ కట్టేది ఆడమనిషి" అన్నాడు. గ్రూపులో నవ్వారు. ఇంకోరోజు, "బళ్ళో పనిచేస్తది. ఆదివారం కట్టినయ్యి నిమ్మళంగా ఉంటయ్, మిగతారోజులయ్యి అలిసిపోయి ఉంటయ్" అన్నాడు. ఒకరోజైతే, "ఇది కట్టేటప్పుడు ఇంట్లో ఎవరితోనో పోట్లాడింది" అన్నాడు.

నేను నెలకి సరిపడా ముప్పై నుడికట్లు చేత్తో గీసి ముందే పంపిస్తాను. అవి అచ్చయ్యేది నెల తర్వాత. ఆయన అన్నది ఏ పోట్లాటో గుర్తు చేసుకోవడానికి నాకే పూట పట్టింది. నిజమే, మా ఆడబిడ్డ వచ్చి వెళ్ళిన రోజు కట్టింది అది. నేను మర్చిపోయిన కోపం, నెల తర్వాత, నన్నెప్పుడూ చూడని మనిషికి పేపర్లో కనిపించింది. ఆ రోజు హాల్లో కిటికీకి పరదా వేసేసి గళ్ళు గీశాను. నడికుడి నుంచి మా కిటికీ కనిపించదని నాకు తెలియక కాదు.

మూడేళ్ళ కిందట, వానలు తగ్గి మిరప తోటలు ఎదుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున ఒకటి అడ్డానికి ఆధారమే లేకుండా నుడికట్టు వచ్చింది. గ్రూపంతా పేపరు వాళ్ళని తిట్టింది. నేనూ మనసులో తిట్టుకున్నాను, నేను రాసే పంపించానని నాకు గట్టి నమ్మకం. రెండు రోజులకి ఎడమ చివర నిలువు మాటకి ఆధారం లేదు. ఆ తర్వాత రోజు అక్కడ అంకే లేదు. అచ్చుతప్పులు ఎక్కువయ్యాయని అందరూ విసుక్కున్నారు. పెద్దాయన ఆ వారమంతా ఏమీ అనలేదు, ఫొటో పెట్టి ఊరుకున్నాడు. ఎనిమిదో రోజు మాట్లాడాడు.

"అచ్చుతప్పంటే ఒకరోజు ఇటు వచ్చిద్ది, ఒకరోజు అటు వచ్చిద్ది. ఇది రోజూ ఎడంపక్కనే వస్తంది. నల్లగళ్ళన్నీ ఎడంపక్కకి చేరినయ్. అటునుంచి, అటునుంచి అని రోజుకి నాలుగు మాటలు కుడిపక్కనుంచే మొదలవతన్నయ్. చూడబోతే ఈ..."

బండి వచ్చింది. గూడ్సు. నేను తాలింపు పెడుతూ వింటున్నాను. ఆవాలు మాడిపోయినా పొయ్యి ఆపలేదు. పెట్టెలన్నీ దాటాయి. ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"...యమ్మకి ఎడంపక్క కనపడట్లా."

ఆ రోజు మార్కులు వెయ్యలేదు.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నాకు కనపడకపోవడమేంటి? కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. ఆయన మాత్రం వదల్లేదు. రోజూ అదే మాట. "నవ్వులాట కాదయ్యా. ఆ యమ్మ ఎవరో ఏందో, ఎవరన్నా చెప్పండి. డాక్టరుకి చూపించుకోమనండి." గ్రూపులో కొందరు వెటకారం చేశారు, కొందరు ఆయనకే మతి పోతోందన్నారు. చివరికి సబ్ఎడిటర్ నాకు ఫోన్ చేశాడు. "మేడం, నడికుడి నుంచి ఒక పెద్దాయన రోజూ ఆఫీసుకి ఫోన్ చేస్తున్నారు. మిమ్మల్ని తలకి స్కానింగ్ తీయించుకోమంటున్నారు. మీ నంబరు మేమివ్వలేదులెండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అప్పటికే మా స్కూల్లో సైన్సు టీచరు రెండుసార్లు నా ఎడమ భుజం మీద పైట సర్ది పిన్ను పెట్టింది. "పిన్ను పెట్టుకోకుండానే వచ్చేస్తున్నారేంటి మేడం?" అంటే తొందర్లో మర్చిపోయానన్నాను. పిల్లలు బోర్డు చూసి గుసగుసలాడేవాళ్ళు, నేను కుడి సగంలోనే రాస్తున్నానని తర్వాత తెలిసింది. ఎడమ మోచేతి మీద దెబ్బలుండేవి, ఎక్కడ తగిలాయో గుర్తుండేది కాదు. ప్రతిదానికీ ఒక కారణం చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి మాటలకి కరువా, టీచర్ని గదా.

పెద్దాయన నోరు మూయించాలని ఆ దసరా సెలవుల్లో పంతం పట్టి కూర్చున్నాను. స్కేలు పెట్టి తర్వాతి నెల గళ్ళు గీశాను. ప్రతి ఆధారం రెండుసార్లు సరిచూశాను. ఒక్క మాట కూడా తిరగెయ్యలేదు. నా జన్మలో అంత బాగా కట్టలేదనిపించింది. అన్నీ అయిన రోజు సాయంత్రం మా ఆయన కొట్టునుంచి రాగానే కాగితాలు ముందు పెట్టాను.

ఆయన చూసి, "బాగానే ఉన్నయ్ గానీ, ఈ పక్క గళ్ళు గీయలేదేంది?" అన్నాడు.

"ఏ పక్క?"

"ఇదిగో. ఇక్కడ."

"ఎక్కడ?"

"వేలు పెట్టి చూపిస్తన్నా గదే."

నాకు వేలు కనిపించలేదు. కాగితం ఉంది, గళ్ళున్నాయి, అంతా నిండుగా ఉంది. ఆయన వేలు లేదు. హాస్యమాడుతున్నాడనుకుని మొహంలోకి చూశాను. ఆయన మొహంలో నవ్వు లేదు. వేలిని కాగితం మీద మెల్లగా కుడివైపుకి జరిపాడట. కాగితం మధ్య దాకా వచ్చాక, ఉన్నట్టుండి అక్కడ ఒక వేలు పుట్టింది. నేను కెవ్వుమన్నాను. మా ఆయన ముప్పై కాగితాలూ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఏ కాగితంలోనూ ఎడమ పక్క మూడు వరసలు లేవు.

గుంటూరులో స్కానింగ్ తీశారు. తలలో కుడిపక్కన గడ్డ. కుడిపక్క గడ్డ ఉంటే పోయేది ఎడమపక్క ప్రపంచమట. కళ్ళు బాగానే ఉంటాయి, మెదడే ఆ పక్కని లెక్కలోంచి తీసేస్తుంది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. జుట్టు తీసేశారు, గడ్డ తీసేశారు. ఆ తర్వాత నెలల తరబడి నాకు ఎడమపక్క నేర్పించారు. బల్ల ఎడమ అంచుకి ఎర్ర టేపు అంటించి, అది కనిపించేదాకా తల తిప్పమనేవాళ్ళు. అన్నం తినేముందు, తలుపు దాటేముందు, మనిషితో మాట్లాడేముందు, ముందు ఎడమకి చూడటం నాకు అలవాటైంది.

ఆ నెలల్లో పేపరు వాళ్ళు నా పాతవే మళ్ళీ వేశారు. గ్రూపులో ఎవరూ పోల్చుకోలేదు. పెద్దాయన రోజూ ఒకటే మాట పెట్టేవాడు. "ఇది పాతది." మార్కులుండేవి కావు. మళ్ళీ నేను కట్టడం మొదలుపెట్టాక, మొదటిది అచ్చయిన రోజు, ఏడింటికి ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. మెసేజ్ నిండా ప్యాసింజరు బండి చప్పుడు. అది పోయాక ఆయన గొంతు వచ్చింది. "ఎడంపక్క వచ్చింది. అయిదు." నేను వంటింట్లో నేలమీద కూలబడి ఏడ్చాను.

జుట్టు కాస్త పెరిగాక నడికుడి వెళ్ళాను. పట్టాల పక్క సందులో చిన్న ఇల్లు, ముందు రేకుల వరండా, సిమెంటు నేల. నేల మీద పెయింటుతో వేసిన మెలికల ముగ్గు ఉంది. సగమే. వీధిలోంచి లోపలికి వస్తుంటే కుడిపక్కంతా చుక్కలు, మెలికలు, ఒక్క గీత వంకర పోకుండా వేసి ఉంది. మధ్యకి వచ్చేసరికి తెగిపోయింది. ఎడమపక్కన చుక్కలు కూడా లేవు, ఉత్త సిమెంటు. నేను గుమ్మం ముందే ఆగిపోయాను.

పెద్దాయన వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, పళ్ళ మధ్య పెన్ను మూత. "నేను..." అని మొదలుపెట్టానో లేదో, "తెలుసులేమ్మా, కూర్చో" అన్నాడు. "ముందు ఎడంపక్క చూసుకుని అడుగేశావు. అట్టా ఎవరు చూస్తారు?"

కాళ్ళకి దండం పెట్టబోతే కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు. "నేనేం చేశా? తప్పు పట్టా, అంతే గదా" అన్నాడు. మేనకోడలు లోపల కుట్టుమిషన్ ఆపి టీ తెచ్చింది. తాగాక, "ఒకటి అడుగుతా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ముసలోడు బాధపడతాడని మార్చి చెప్పమాక" అన్నాడు.

ఆ ముగ్గు ఆయన భార్య వేసింది. వీధి మొత్తానికి ఆమె చెయ్యే పేరు. ఈయన పొద్దున డ్యూటీ దిగి వచ్చి వీధిలో నిలబడి రోజూ తప్పు పట్టేవాడు. చుక్క జరిగిందనో, మెలిక లావైందనో. ఆమె నవ్వుకునేది. ఒక ఏడు ఎందుకో ముగ్గు సగం సగం రావడం మొదలైంది. "సగమేసి లేచిపోయావేందే, అంత పనేం ముంచుకొచ్చింది?" అని ఈయన. "నిండుగా ఉంది గదయ్యా, నీ కళ్ళకేమైంది?" అని ఆమె. రెండు నెలలు ఇదే పోట్లాట. వరండా కొత్తగా సిమెంటు చేయించినప్పుడు, ఇక వంక పెట్టడానికి ఉండకూడదని ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని పెయింటుతో ఈ ముగ్గు వేసింది.

"నేనొచ్చి చూశా. సగం. నాకు ఒళ్ళు మండి, వీధంతా వినపడేట్టు తిట్టా. ఇల్లు సగం చేస్తివి, సంసారం సగం చేస్తివి అన్నా. ఆమె తిరిగి ఏమనలా. ముగ్గు వైపు చూస్తా కూర్చుంది. చానాసేపు చూసింది."

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఎప్పట్లాగే గేటు దగ్గరికి అన్నం క్యారేజీ తెచ్చింది. గేటు వేసి ఉంది. అలవాటైన మనిషే, పక్కనుంచి దూరి పట్టాల మీదికి వచ్చింది. ఈయన అవతల జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి ఆమెకి ఎడమవైపు నుంచి వస్తోంది.

"నేను అరిచా. అరిస్తే ఇంకా నా వైపే చూసింది. నన్నే చూస్తా..."

అప్పుడే బండి వచ్చింది. ఇల్లు అదిరింది. ఆయన ఆగిపోయాడు. అన్నేళ్ళుగా నేను ఫోన్లో విన్న నిశ్శబ్దం అదే, ఈసారి ఎదురుగా ఉంది. బండి దాటుతున్నంతసేపూ ఆయన చూపు ముగ్గు లేని సిమెంటు మీదే ఉంది. పెదాలు కదులుతున్నాయి, పెట్టెలు లెక్కబెడుతున్నాడో ఏమో. నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది.

"...నడిచొచ్చింది" అన్నాడు చప్పుడు ఆగాక. "అంత కూత కూసే బండి కనపడకుండా, వినపడకుండా ఎట్టా ఉంటదన్నారు. నేను తిట్టబట్టే కావాలని ఎదురుబోయిందన్నారు. ఆమె అన్నదమ్ములూ అదే మాట. పద్నాలుగేళ్ళుగా అదే మాట. నాకు ముగ్గు మీదే అనుమానం. ఎవరికి చెప్పినా నవ్వేవోళ్ళు. నీ గళ్ళు చూశాక మళ్ళీ అదే కనపడింది. అందుకే అడుగుతన్నా. నీకు ఆ పక్క చీకటిగా ఉండేదా? మసగ్గా ఉండేదా? ఏదో పోయిందని అన్నా తెలిసేదా?"

మెత్తగా ఏదో ఒకటి చెప్పేద్దామనే అనిపించింది. కానీ ఆ మనిషి దగ్గర అబద్ధం ఆగదు. "చీకటి ఉండదు" అన్నాను. "ఆ పక్క అనేదే ఉండదు. ఉన్నదే మొత్తం అనిపిస్తుంది. నేను గీసిన సగం గళ్ళు నాకు నిండుగానే ఉన్నాయి. మా ఆయన ఎడమవైపు నుంచి పిలిస్తే, కుడివైపు తిరిగి వెతికేదాన్ని."

ఆయన నోట్లోంచి పెన్ను మూత తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయితే బండి చూళ్ళా."

"చూసి ఉండదు."

"కావాలని రాలా."

"లేదు."

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. ఆయన మొహం తేటపడింది. నాకు ప్రాణం పోసిన మనిషికి నేనూ ఒకటి ఇవ్వగలిగానని లోపల్లోపల పొంగిపోయాను. ఆ పొంగు నిమిషం కూడా లేదు.

"అయితే ఆమెకి ముగ్గు నిండుగానే ఉంది" అన్నాడు. "నేనెందుకు తిడతన్నానో ఆమెకి తెలవనే తెలవదు."

మేనకోడలు వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుపోయింది.

ఆ తర్వాత కూడా ఆయన మారలేదు. మార్కులు ఆరు దాటలేదు. నేనెవరో గ్రూపులో ఇద్దరం చెప్పలేదు. ఏడాదికోసారి స్కానింగ్ తీయించుకోమని డాక్టర్లు చెప్పారు. ఒకసారి వెళ్ళాను. రెండోసారి పదో తరగతి పిల్లల చదువులని వాయిదా వేశాను, బాగానే ఉన్నాను గదా అని. ఈ లోపు ఆయన మంచాన పడ్డాడు. పేపరు చూడటం మానేశాడని మేనకోడలు చెప్పింది. రెండు నెలలు ఎవరూ మార్కులు వెయ్యలేదు, నాకేమీ తోచలేదు.

పదకొండో రోజు భోజనాలకి రమ్మంటే వెళ్ళాను. పిడుగురాళ్ళలో బస్సు మారి కూర్చున్నాక ఫోను తీసి గ్రూపు చూశాను. పెద్దాయన పోయాక పేపరు వాళ్ళకి భయం పోయిందని, అచ్చుతప్పులు మళ్ళీ మొదలయ్యాయని లెక్చరర్ రాశాడు. వీళ్ళకి పని మీద శ్రద్ధ ఎప్పటికొస్తుందో అని విసుక్కుని ఫోను సంచిలో పడేశాను.

షామియానా కింద బంతులు లేస్తున్నాయి. ఆయన ఫొటోకి దండం పెట్టుకున్నాను. ఫొటోలో నోట్లో పెన్ను మూత లేకపోయేసరికి ఎవరినో చూస్తున్నట్టుంది. తిన్నాననిపించి, మేనకోడలితో రెండు మాటలు మాట్లాడి, ఇద్దరం వరండా దిగి వీధిలోకి వచ్చాం. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి ముగ్గు చూశాను.

ముగ్గు నిండుగా ఉంది. చుక్కలు, మెలికలు, ఎక్కడా తెగకుండా అల్లుకుని ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికి తట్టిందో గానీ ఎంత మంచి పని చేశారనుకున్నాను.

"ఎవరమ్మా పూర్తి చేసింది?"

"ఏది మేడం?"

"ముగ్గు."

ఆ పిల్ల ముగ్గు వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. "ఎవరూ ఏం చెయ్యలా మేడం. అట్టాగే సగమే ఉంది గదా."

నాకు నేర్పించినట్టు తల ఎడమకి తిప్పడం మొదలుపెట్టాను. భుజం దాటేదాకా, మెడ పట్టేసేదాకా తిప్పాను. అప్పుడు, అంచు నుంచి మెల్లగా, ఉత్త సిమెంటు వచ్చింది. భయమేసింది. ఆపరేషన్ బల్ల ఎక్కిన రోజు కూడా నాకంత భయం వెయ్యలేదు.

చెప్పులేసుకుందామని కిందకి చూస్తే ఒకటే ఉంది. రెండోది ఎవరో తొడుక్కుపోయారేమోనని చుట్టూ చూస్తున్నాను. మేనకోడలు వంగి, నా ఎడమ పక్కనుంచి దాన్ని తీసి నా కుడికాలి ముందు పెట్టింది. "పక్కనే ఉంది గదా మేడం" అంది.

"గుంటూరు బండి ఎన్నింటికమ్మా?" అని అడిగాను.